గాలి వంతు

చివరి ఆయకట్టు వాళ్ళకి నీళ్ళ దగ్గర సిగ్గుండదు. నాకు అసలే ఉండేది కాదు.

రాయచూరు జిల్లాలో పోతనాళ దాటాక మా క్యాంపు. కోస్తా నుంచి వచ్చి తుంగభద్ర కాలువ కింద వరి పెట్టుకున్న మాబోటి వాళ్ళ ఊళ్ళని ఇక్కడ క్యాంపులంటారు. మూడో తరం వచ్చింది, డాబాలు లేచాయి, అయినా ఆ పేరు పోలేదు. కాలువలో పైవాళ్ళు తడుపుకుని, తోడుకుని, పారబోసుకోగా మిగిలిందేదో మాకొస్తుంది. అదీ వంతుల మీద. ఫలానా రోజు ఫలానా గంట నుంచి ఫలానా గంట దాకా నీది, ఆ తర్వాత నీ కిందవాడిది. మా దగ్గర పెళ్ళి ముహూర్తం కాస్త అటూ ఇటూ అయినా సర్దుకుంటారు గాని నీళ్ళ వంతు జరిగితే పారలు లేస్తాయి.

మామగారు పోయాక మా పొలం రెండు ముక్కలైంది. పై ముక్క మాది, కింది ముక్క మా మరిదిది. రెంటికీ మధ్య గట్టులో ఒకే తూము. తూమంటే సిమెంటు గొట్టమే, దానికి తలుపు లేదు. గోనెసంచి చుట్టి అందులో కుక్కితే నీళ్ళు మా మడిలో ఆగుతాయి, లాగేస్తే కిందికి పోతాయి. ఆ సంచి పని మా ఇంట్లో ఆడవాళ్ళది. అన్నదమ్ములు నీళ్ళ దగ్గర నిలబడితే పంచాయితీ దాకా పోతుందని, ఆడవాళ్ళయితే తిట్టుకుని ఊరుకుంటారని మామగారు పోయేముందు చెప్పిపెట్టిన కట్టడి. తిట్టడం నేను చేసేదాన్ని. ఊరుకోవడం నా తోడికోడలు చేసేది.

నాకంటే పన్నెండేళ్ళు చిన్నది. మాట మెత్తన. "అక్కా" అని పిలిస్తే బెల్లం తగిలేది, ఆ బెల్లం నాకు పడేది కాదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు కదా, క్యాంపంతా దాని వైపే. నా నోటికి వేరే పేరుంది, ఇక్కడ రాయను. దానికి పిల్లలు లేరని నేను ఎన్నిసార్లు ఎత్తిపొడిచానో నాకే తెలియదు. "తినేది ఇద్దరు, మీకెందుకే అన్ని నీళ్ళు?" అని గట్టు మీద నిలబెట్టి అడిగేదాన్ని. నవ్వేది. ఆ నవ్వు చూస్తే ఇంకోటి అనాలనిపించేది.

ఆ రోజు దాని వంతు పొద్దున ఎనిమిది దాకా ఉంది. నేను ఏడింటికే వెళ్ళి తూములో సంచి కుక్కాను. ఎవరైనా అడిగితే మా మడి చివర నెర్రెలిస్తోందని చెప్పడానికి ఒక సాకు కూడా వెంట పెట్టుకున్నాను. సంచి రాత్రంతా గట్టు మీద గడ్డిలో పడి ఉంది. నేనెప్పుడూ దాన్ని చేత్తో ముట్టను. పారతో చుట్టి, పార కర్రతో లోపలికి నెడతాను. చీర తడవదు, గోళ్ళలోకి బురద పోదు. ఆ రోజూ అంతే చేసి ఇంటికొచ్చి పొయ్యి వెలిగించుకున్నాను.

నీళ్ళు ఆగిపోయాయేంటని నా తోడికోడలు చూడడానికి వెళ్ళింది. కుక్కిన సంచిని చిరక్కుండా లాగాలంటే చెయ్యి పెట్టాల్సిందే. మోచేతి దాకా పెట్టి లాగింది. సంచి మడతల్లో ఉన్న నాగుపాము కాటేసింది. అది నేను కుక్కే ముందే సంచిలో దూరిందో, తర్వాత కప్ప కోసం గొట్టంలోకి వచ్చిందో ఆ పాముకే తెలియాలి.

మా మరిది భార్యని మోటారు సైకిలు మీద మధ్యలో కూర్చోబెట్టుకున్నాడు, పడిపోకుండా వెనక నేను పట్టుకున్నాను. మా ఆయన ఊళ్ళో లేడు. దారిలో అది తల వెనక్కి తిప్పి, "అక్కా, నువ్విద్దరుగా కనపడతన్నావు," అంది. "ఒకదాన్నే భరించలేవు, ఇంకొకత్తి కూడానా," అన్నాను. భయంలో అన్నానని చెప్పుకోవచ్చు. కాదు, అలవాటుగా అన్నాను. ఆసుపత్రి గేటు దగ్గరికి వచ్చేసరికి దాని రెప్పలు వాలిపోయాయి, మాట ముక్కులోంచి వస్తోంది, నోట్లో ఊరిన నీళ్ళు మింగలేక కారుస్తోంది.

అది చిన్న ఆసుపత్రి, పేరు అనవసరం. డాక్టరు విషానికి విరుగుడు ఎక్కించాడు. ఎక్కుతుండగానే ఛాతీ కదలడం ఆగింది. గొంతులోకి గొట్టం దింపి, దాని చివర రబ్బరు సంచి లాంటిది తగిలించారు. దాన్ని ఒత్తితే ఊపిరి లోపలికి పోతుంది. ఆ సంచికి సిలిండరు నుంచి సన్నటి పైపు. డాక్టరు మాకు విడమరిచి చెప్పాడు. గుండె బాగానే ఉంది, కండరాలు మాత్రం పడిపోయాయి, మందు పనిచేసి అవి మళ్ళీ లేచేదాకా ఊపిరి మనం పొయ్యాలి. రాయచూరులో మిషన్ మీద పెడతారు. అంబులెన్సు కవితాళ వైపు వెళ్ళింది, తిరిగొచ్చేదాకా చేత్తోనే. నోటి నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోయాయి కాబట్టి ఆక్సిజన్ నిండుగా ఇవ్వాలి. ఇదంతా చెప్పి ఆయన బయట వరండాలో ఉన్న జనం దగ్గరికి పోయాడు.

నర్సు రాయచూరు మనిషి, పాతకాలపు తెలుగు. నా చేతులు పట్టుకుని నేర్పింది.

"ఇగో సూడమ్మా, గిట్ల రెండు చేతులతోటి ఒత్తు. ఛాతి లేసిందా? ఇడువు. ఇగ లెక్కపెట్టు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. మల్ల ఒత్తు. నాలుగు దాటనియ్యకు. జల్ది జల్దీ ఒత్తకు. బయటికే లెక్కపెట్టు, మనసుల పెట్టుకుంటే మర్సిపోతవ్."

తర్వాత రబ్బరు సంచి వెనక వేలాడుతున్న పల్చటి ప్లాస్టిక్ సంచిని చూపించింది. "ఇది ఉబ్బే ఉండాలె. సిలిండర్ మీద ఈ గాజు గొట్టంల గోళీ పైననే ఉండాలె. దిగిందంటే నన్ను పిలువు, పక్క వార్డులనే ఉంట." పక్క వార్డులో ఎవరో పురిటి నొప్పులతో అరుస్తున్నారు. నర్సు పరిగెత్తింది.

నేను ఒత్తాను. ఛాతీ లేచింది. లెక్కపెట్టాను. మళ్ళీ ఒత్తాను. పొద్దున్నే నేను నీళ్ళు కట్టేసిన మనిషికి ఇప్పుడు నేనే ఊపిరి పోస్తున్నాను. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. తెలియకూడదనే నా ఆరాటమంతా. అది బతకాలనీ ఉంది, బతికి నోరు విప్పకూడదనీ ఉంది. నిజం చెప్పాలంటే రెండోదే ముందు గుర్తొచ్చేది.

కాసేపటికి మా మరిది సిలిండరు ముల్లు చూసి, "వదినా, సగానికొచ్చేసింది," అన్నాడు. "అంబులెన్సులో ఉంటదో ఉండదో. రాయచూరు దాకా చాలొద్దూ?"

అప్పుడు విన్నాను ఆ బుసను. నేను ఒత్తినా బుస్సుమంటోంది, ఒత్తకపోయినా బుస్సుమంటోంది. నాలుగు లెక్కపెట్టేంత సేపూ ఆ గాలంతా ఎవరికీ కాకుండా పోతోంది. నా ప్రాణం గిలగిల్లాడింది. మడి నిండాక కూడా తూము కట్టకుండా వదిలేసిన వాణ్ణి చూస్తే మాకు కలిగే మంట ఉంటుందే, అది.

"ఊరికే పోతంది చూడయ్యా. ఒత్తినప్పుడు కావాలి గాని మధ్యలో ఎందుకు? కట్టు."

"కట్టొచ్చంటావా?"

"తూము కట్టడం మనకి ఒకళ్ళు నేర్పాలా?"

మా మరిది సిలిండరు పక్కన గొంతుకూచున్నాడు. నేను ఒత్తేటప్పుడు తిప్పుడు మర తెరుస్తాడు, వదలగానే కడతాడు. దానికొక వంతు, సిలిండరుకొక వంతు. ఇప్పుడు రాస్తుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది గాని, అప్పుడు మాకెంత తృప్తిగా ఉందో చెప్పలేను. ముల్లు కదలడం తగ్గింది. ఇంత చదువుకున్న ఆసుపత్రి వాళ్ళకి ఈ చిన్న కిటుకు తెలియలేదని ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఓ పది నిమిషాలకి అతనికి చెయ్యి నొప్పి పుట్టింది. "ఇట్టాగే సన్నగా వదిలేస్తాను వదినా," అని గోళీని అడుగుకి దించేసి లేచాడు. వెనక ప్లాస్టిక్ సంచి ముడుచుకుపోయింది. ఛాతీ మాత్రం లేస్తూనే ఉంది. గాలి పోతోంది కదా అనుకున్నాను. గాలికీ ఆక్సిజనుకీ తేడా ఉంటుందని నాకు తట్టలేదు.

దాని వేలికి పెట్టిన క్లిప్పులో రెండు అంకెలు వెలుగుతున్నాయి. ఒకటి తగ్గుతోంది, ఒకటి పెరుగుతోంది. పెరిగేదే ప్రాణం అనుకున్నాను.

"బతుకుద్దంటావా వదినా?" అని మరిది అడిగాడు.

"బతికితే మాత్రం? ఆ చెయ్యి పడిపోతే నాటుకీ పనికిరాదు, కుప్పకీ పనికిరాదు. రెండిళ్ళ చాకిరీ నా నెత్తినే పడుద్ది. పిల్లల్లేకపోవడమే నయమైంది, ఇవాళ వాళ్ళనీ నేనే ఎత్తుకోవాల్సొచ్చేది."

భార్య మంచం పక్కన నిలబడి ఆ మాట విని ఏమీ అనని మగవాణ్ణి నేను తిట్టాలి నిజానికి. అతను ఫోను తీసుకుని అంబులెన్సు ఎక్కడిదాకా వచ్చిందో కనుక్కుంటానని బయటికి పోయాడు. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమంటారు. నాది జారడం కాదు, అది దాని తోవన అది నడిచేది.

ఇద్దరమే మిగిలాం. ఒత్తుతున్నాను, లెక్కపెడుతున్నాను. దాని కుడికన్ను మూల నుంచి నీరు కారి చెవిలోకి పోతోంది. విషం నీరు కాబోలనుకుని కొంగుతో తుడిచాను. మళ్ళీ కారింది. నాకెందుకో కోపం వచ్చింది. స్పృహ లేని మనిషితో పోట్లాటేమిటని ఎవరైనా అడగొచ్చు. పోట్లాడడానికి అంతకంటే అనువైన మనిషి దొరకదు.

"ఎనిమిది దాకా ఉన్న ఆ కాస్తా వదులుకోలేకపోయావా? గంట నీళ్ళకి పోయి గొట్టంలో చెయ్యి పెట్టావు. సంచి నేనే కుక్కానే. నేనే. పాముని కూడా నేనే పెట్టానా? రేపు అందరి ముందూ నా మీదికి తోద్దామనుకుంటన్నావేమో. ఇప్పుడు చూడు, నీ ఊపిరి ఎవరి చేతిలో ఉందో."

ఇది అన్నాక జరిగింది రాయకుండా ఈ కాగితాలు ముగించుకోవచ్చు. ఎవరూ చూడలేదు. కానీ రాయడానికి కూర్చున్నదే అందుకు. ఒకసారి ఒత్తి వదిలాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు అన్నాను. నాలుగు దగ్గర నా చేతులు కదలలేదు. అయిదు. ఆరు. నా గొంతు నాకే వినిపిస్తోంది. ఏడు. దాని ఛాతీ కప్పిన గుడ్డ కింద కదలకుండా ఉంది. ఎనిమిది. చంపాలని కాదు. ఆగితే ఏమవుతుందో చూడాలనిపించింది, చూసే అధికారం నాకుందనిపించింది. ఎనిమిది తర్వాత ఒత్తాను.

నర్సు తిరిగొచ్చింది. గుమ్మంలోనే దాని మొహం చూసి ఒక్క పరుగున వచ్చింది. పెదవులు నేరేడు పండు రంగుకి తిరిగాయి. నేను అంత దగ్గరగా కూర్చుని అది చూడలేదు. నర్సు నన్ను భుజంతో తోసేసి గోళీని పైకంటా లేపింది, సంచి తను అందుకుంది.

"ఎవరు దించిండ్రు గిది? ఎవరు?"

అప్పుడే లోపలికొచ్చిన మా మరిది గుమ్మంలో నిలబడిపోయాడు. నేను వేలెత్తి అతన్ని చూపించాను. "ఆయనే సిలిండరు దగ్గర కూచున్నాడు."

అబద్ధం కాదు. నిజమూ కాదు. నర్సు అతని మీద విరుచుకుపడింది.

"నీ పొలంల కాల్వ అనుకున్నవా దీన్ని? సిలిండర్ ఖాళీ అయితే ఇంకోటి తెస్తం, లోపల రెండున్నయ్. ఆమె ఖాళీ అయితే యాడికెల్లి తెస్తవ్? గింతసేపు ఒట్టి గాలి ఒత్తిండ్రు. నీళ్ళు నిండిన ఊపిరితిత్తులకు ఒట్టి గాలి ఏం సాలుతది? గా అంకె సూడలే? పెరిగింది గుండె దడ, తగ్గింది ఆక్సిజన్!"

లోపల రెండున్నాయట. మేము అడగలేదు. అడిగితే ఇచ్చేవాళ్ళు కూడా ఉంటారని చివరి ఆయకట్టు వాళ్ళకి తోచదు. మా మరిది తల దించుకుని తిట్లన్నీ పడ్డాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను ఊరికే కొంగు సర్దుకుంటూ నిలబడ్డాను.

కాసేపటికి పెదవులకి రంగు తిరిగొచ్చింది. నర్సు ఒక చేత్తో ఒత్తుతూనే రెండో చేత్తో దాని కంటి మూల తుడిచి, చెవి దగ్గరికి వంగింది. "భయపడకు చెల్లె. నేనున్న. ఇగ నేనే ఒత్తుత."

"దానికి వినపడుద్దా?" అన్నాను.

నర్సు నా వంక తిరిగి కూడా చూడలేదు. "అన్నీ ఇనపడతయ్. పాము విషం కండరాలనే పట్టుకుంటది, తెలివి ఎటూ పోదు. కండ్లు తెరువలేదు, చెయ్యి లేపలేదు, గంతే. మొదటిసంది అన్నీ ఇంటనే ఉన్నది."

అంబులెన్సు వాళ్ళకి ఫోనులో "బేగ బర్రి" అని, త్వరగా రండని కన్నడంలో అరిచి, బండి రాగానే తనే ఎక్కి కూర్చుంది. నేను ఎక్కబోతే కాలు అడ్డం పెట్టింది. "నువ్వు ముట్టొద్దు," అంది. ఆ మాటకి నాకు కోపం రాలేదు. నా జీవితంలో కోపం రాని తిట్టు అదొక్కటే.

రాయచూరులో అయిదు రోజులు మిషన్ మీద ఉంచారు. ఆ అయిదు రోజులూ నేను దేవుడికి ఏమని మొక్కుకున్నానో నన్నడగకండి. మొక్కు రోజుకోలా మారేది. ఆరో రోజు గొట్టం తీశారు. కళ్ళు తెరిచి అందరినీ పేరుపేరునా పలకరించింది. నన్ను చూసి, "అక్కా, అన్నం తిన్నావా?" అంది. అదే బెల్లం.

ఇంటికొచ్చింది. కుడిచెయ్యి వణుకు మాత్రం పోలేదు. గ్లాసు పట్టుకుంటే నీళ్ళు ఒలుకుతాయి. అది విషం వల్లనా, ఆక్సిజన్ చాలకనా అంటే చెప్పలేమన్నారు డాక్టర్లు. మా మరిది ఆ సిలిండరు సంగతి తన మీదే వేసుకుని తిరుగుతున్నాడు, నేను కాదనలేదు. దాని నోటి నుంచి మాత్రం ఒక్క మాట రాలేదు. తూము సంగతి లేదు, సంచి సంగతి లేదు. క్యాంపులో ఎవరైనా అడిగితే, "ఏమీ గుర్తులేదండీ, మా అక్కే ఊపిరి పోసిందంట," అనేది. జనం నన్ను మెచ్చుకునేవాళ్ళు. ఒకావిడైతే నా చేతులు కళ్ళకద్దుకుంది. ఏమీ గుర్తులేదన్న మాటని పట్టుకుని నేను ఆ ఎండాకాలమంతా నిద్రపోగలిగాను.

మళ్ళీ కాలువ వదిలారు. నాట్లు పడ్డాయి. దాని మొదటి వంతు వచ్చిన పొద్దున నేను గట్టు మీదే ఉన్నాను. చేతిలో ఫోను పట్టుకుని, సమయం చూసుకుంటూ వచ్చింది. తూము దగ్గర నిలబడింది.

"అక్కా, నా వంతు. నా చెయ్యి పనిచెయ్యదు కదా. నువ్వే తియ్యి."

సరేనని పార అందుకున్నాను, కొసని సంచికి కొక్కెంలా తగిలించి లాగుదామని.

"పారతో వద్దక్కా, సంచి చిరుగుద్ది. చేత్తో తియ్యి."

గొట్టం లోపల చీకటిగా ఉంది. ఎక్కడో కప్ప అరుస్తోంది. నేను వంగి, చెయ్యి చాపి, మధ్యలో ఆగాను. తలెత్తి దాని మొహం చూశాను. కోపం లేదు. నవ్వుతోంది.

"ఒకటి," అంది. "రెండు. మూడు. నాలుగు."

నాలుగు దగ్గర ఆపలేదు. అయిదు, ఆరు అంది. ఆ రోజు నేను అన్నంత నిదానంగానే అంది. ఏడు అంది.

ఎనిమిది అని, ఊరుకుంది. నేను చెయ్యి లోపలికి పెట్టాను.

అప్పటి నుంచి ప్రతి వంతుకీ పెడుతూనే ఉన్నాను.